జిల్లాపరంగా లేని జబ్బు

రిజిస్ట్రీ రాకముందు మా జిల్లాలో క్యాన్సర్ లేదు. ఇది నేను చెబుతున్న మాట కాదు, ప్రభుత్వ గణాంకం. ఏటా అచ్చయ్యే జిల్లా సమాచార పుస్తకంలో ఆ గడిలో సున్నా ఉండేది. అలాగని జనం చనిపోయేవారు కారని కాదు. కడుపులో నొప్పితో, గొంతు పూడిపోయి, మనిషి ఆనవాలు లేకుండా చిక్కిపోయి చనిపోయేవారు. పంచాయతీ కార్యాలయంలో మాత్రం అందరికీ గుండె ఆగి పోయినట్టు రాసేవారు. గుండె ఆగకుండా పోయినవాడు ఎవడూ లేడు కనుక ఆ రాతను ఎవరూ తప్పుపట్టలేదు.

అలాంటి జిల్లా మీద ఒక అంతర్జాతీయ సంస్థ చూపు పడింది. పేద దేశాల్లో ఎంతమందికి క్యాన్సర్ వస్తోందో ఎవరికీ తెలియదు, తెలియనిదే ఎన్ని మందులు కావాలో, ఎందరు డాక్టర్లు కావాలో తేలదు, కాబట్టి ముందు రోగుల పేర్లతో ఒక రిజిస్ట్రీ పెట్టి లెక్క కట్టండి అని ఆ సంస్థ అంది. సబబైన మాటే. కంప్యూటర్లు ఇచ్చింది, వాటికి చెమట పట్టకుండా ఏసీలు ఇచ్చింది. ప్రభుత్వం దానికి మిషన్ అని పేరు పెట్టి, డైరెక్టరుగా తాడంకి విశ్వంభరరావు గారిని వేసింది. ఆయన అంతకుముందు మత్స్యశాఖలోనూ, దానికి ముందు చేనేతలోనూ పనిచేశారు. చేపలైనా, చీరలైనా ఆయన సాధించింది లక్ష్యాలే.

లెక్క కట్టే పని జిల్లా ఆసుపత్రి క్యాన్సర్ సర్జన్ డాక్టర్ ఇందుకూరి హైమవతి నెత్తిన పడింది. ఆమె దాన్ని మనసు పెట్టి చేసింది. ఆపరేషన్లు లేని రోజుల్లో ల్యాబుల చుట్టూ, ప్రైవేటు ఆసుపత్రుల చుట్టూ, శ్మశానాల చుట్టూ కూడా తిరిగింది. ఏడాది తిరిగేసరికి సున్నా ఉన్న గడిలో పదకొండు వందల పైచిలుకు చేరింది. జిల్లాకు ఎన్ని పడకలు కావాలో మొట్టమొదటిసారి తెలిసిందని ఆమె సంతోషపడింది. ఆ సంతోషం సమీక్షా సమావేశం దాకా నిలిచింది.

విశ్వంభరరావు గారు తెర మీద బొమ్మను చాలాసేపు చూశారు. సున్నా దగ్గర మొదలైన ఎర్రగీత ఒక్కసారిగా పైకి లేచి తెర దాటి గోడ మీదికి పోయింది.

"రిజిస్ట్రీ స్థాపనకు పూర్వం సున్నా. స్థాపన అనంతరం పదకొండు వందలు. దీనికి బాధ్యులు ఎవరు?" అన్నారు ఆయన.

"బాధ్యులు ఎవరూ లేరండి. జబ్బు ముందునుంచీ ఉంది. మనం ఇప్పుడు లెక్కపెట్టాం," అంది హైమవతి.

"అంటే లెక్కపెట్టడం వల్ల పెరిగిందని మీరే అంగీకరిస్తున్నారు."

"పెరగలేదండి, కనపడింది."

"డాక్టరుగారూ, ప్రభుత్వానికి కనపడటమే పెరగడం. పక్క జిల్లాలో రిజిస్ట్రీ పనులు ఇంకా టెండరు దశలో ఉన్నాయి. అక్కడ సున్నా. మొన్ననే వారికి ప్రశంసాపత్రం ఇచ్చాం."

ఆ సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. జిల్లాలో క్యాన్సర్‌ను ఏటా సగానికి తగ్గించాలి. ఈ సంవత్సరానికి ఇంత అని గరిష్ఠ పరిమితి పెట్టారు. పరిమితి నిండాక కంప్యూటర్ కొత్త పేరు తీసుకోదు. దీనితోపాటు, డేటా ఆధారిత వైద్యాన్ని ప్రోత్సహించే ఉద్దేశంతో, రిజిస్ట్రీ నంబరు లేనిదే ఎవరికీ మందు గానీ ఆపరేషన్ గానీ ఇవ్వరాదని మరో ఉత్తర్వు. ఈ రెండు ఉత్తర్వులు రెండు వేర్వేరు విభాగాల నుంచి వచ్చాయి. రెండూ దేనికది ఎంతో ముందుచూపుతో చేసినవే.

గుబ్బల నూకరత్నం ఆసుపత్రికి వచ్చేసరికి పరిమితి నిండిపోయింది. దసరా వెళ్లిన వారం అది. ఆమెది కాలవగట్టు మీద ఊరు. కాలవకు ఇటువైపు మా జిల్లా, అటువైపు పక్క జిల్లా. ఇల్లు ఇటు, పనిచేసే రొయ్యల షెడ్డు అటు. నలభై దాటిన మనిషి, గట్టి నోరు, నవ్వితే వరండా అంతా వినిపించే గొంతు. రొమ్ములో గడ్డ తగిలిందని ఆమె భర్త సూరిబాబు తన ఆటోలోనే తీసుకొచ్చాడు. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సరని వచ్చింది.

"ఇంకా చిన్నదే నూకరత్నం. ఇప్పుడు తీసేస్తే బాగుపడతావు. ఆలస్యం చెయ్యకూడదు, అంతే," అంది హైమవతి. పేరు నమోదు చేయబోతే కంప్యూటర్ ఒప్పుకోలేదు. ఈ ఆర్థిక సంవత్సరపు పరిమితి పూర్తయినదనీ, ఏప్రిల్ ఒకటిన ప్రయత్నించగలరనీ చక్కని తెలుగులో చెప్పింది.

నూకరత్నం తెరవైపు చూసింది. "జబ్బుకి కూడా సీటు కావాలాండి డాక్టరమ్మగారూ?"

"ఈ ఏడాదికి కావాలంటున్నారు."

"మరి ఏప్రిల్ దాకా ఈ గడ్డ కూడా ఆగుద్దా అండి? దీనికి కూడా ఎవరన్నా కాయితం పంపేరా?"

పక్క బల్ల మీద కూర్చున్న జగ్గారావు మేస్త్రి నవ్వాడు. ఆయన గొంతు క్యాన్సర్‌తో మింగుడు పడక బాధపడుతున్న మనిషి. నవ్వు బయటికి రాలేదు, భుజాలు మాత్రం కదిలాయి. ఆయన్నీ ఏప్రిల్లోనే రమ్మన్నారు.

నూకరత్నం ఊరుకునే రకం కాదు. మర్నాడే సూరిబాబును తీసుకుని మిషన్ కార్యాలయానికి వెళ్లింది. విశ్వంభరరావు గారు ప్రజలతో ఎంతో మర్యాదగా ఉంటారు. కుర్చీ చూపించారు, మంచినీళ్లు తెప్పించారు.

"అమ్మా, మీకొక శుభవార్త. మీకు క్యాన్సర్ లేదు," అన్నారు.

సూరిబాబు చేతులెత్తి దణ్ణం పెట్టేశాడు. నూకరత్నం మొగుడి చెయ్యి కిందికి లాగింది. "ఉందని డాక్టరమ్మగారు సెప్పేరండి. రిపోర్టు కూడా ఇచ్చేరు."

"వైద్యపరంగా ఉండవచ్చు. నేను కాదనను. జిల్లాపరంగా లేదు."

"అయితే నా ఒంట్లోది ఎవరిదండి?"

ఆయన ఆమె తెచ్చిన దరఖాస్తు ముందుకు లాక్కుని, "మీరు పనిచేసేది ఎక్కడ?" అన్నారు. కాలవ అవతల షెడ్డులో అని తెలియగానే ఆయన ముఖం వికసించింది. పగలంతా పక్క జిల్లాలో గడిపే మనిషి జబ్బు సహజంగానే పక్క జిల్లాకు చెందుతుందని ఆమె దరఖాస్తు మీద రాసి సంతకం చేశారు.

పక్క జిల్లా అధికారి ఆ కాగితం చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. ఆయన బల్ల వెనక గోడకు ప్రశంసాపత్రం వేలాడుతోంది.

"గడ్డ మొట్టమొదట ఎక్కడ తగిలింది?"

"ఇక్కడండి," అని నూకరత్నం పవిట మీద చెయ్యి పెట్టుకుంది.

"అది కాదమ్మా. ఏ ప్రదేశంలో ఉండగా తగిలింది?"

"తానం చేత్తా ఉంటే."

"స్నానాలగది ఏ జిల్లా?"

"మా ఇంటి ఎనకాల తడిక అండి."

"ఇల్లు కాలవకు ఆ పక్క. అంటే పుట్టుక ఆ జిల్లాలో. పుట్టిన చోటే నమోదు చెయ్యాలని జనన మరణాల చట్టమే చెబుతోంది. మేం స్వీకరించలేం."

ఆ విధంగా నూకరత్నం గడ్డ అంతర్ జిల్లా వివాదం అయింది. సంయుక్త తనిఖీకి రెండు వైపుల నుంచీ రెండు జీపులు వచ్చాయి. సర్వేయరు గొలుసు పట్టుకుని కాలవ మధ్య నుంచి తడిక దాకా కొలిచాడు. నూకరత్నం రోజుకు ఎన్ని గంటలు షెడ్డులో నిలబడుతుంది, ఎన్ని గంటలు ఇంట్లో పడుకుంటుంది, వంతెన మీద నడిచే సమయాన్ని ఎవరి ఖాతాలో వెయ్యాలి అని ఇద్దరు అధికారులు చాలాసేపు వాదించుకున్నారు. ఊరంతా చుట్టూ చేరింది. తన ఒంటిని గురించి మగవాళ్లు గొలుసు పట్టుకుని మాట్లాడుకుంటుంటే నూకరత్నం మొదటిసారి తల దించుకుంది. సూరిబాబు భార్య పక్కన నిలబడి, "మా ఆడమనిషిని అలా సూత్తా కొలవకండి. కాలవని కొలుసుకోండి," అన్నాడు. అతను అంత గట్టిగా మాట్లాడటం ఆ ఊరు అంతకుముందు వినలేదు.

కాలవ రెండు జిల్లాలదీ కాదు, నీటిపారుదల శాఖదని చివరికి తేలింది. నివేదిక ఆ శాఖకు పంపి జీపులు వెళ్లిపోయాయి.

ఆ నెలలోనే జగ్గారావు మేస్త్రి చనిపోయాడు. ఏప్రిల్ ఇంకా చాలా దూరంలో ఉంది. పరిమితిలో చోటు దొరకక ఆగినవాళ్లలో ఆయనొక్కడే కాదు, ఇంకొందరు కూడా పోయారు. అందరికీ గుండె ఆగిందనే రాశారు. మిషన్ కార్యాలయంలో ఎర్రగీత కిందికి వంగడం మొదలైంది. మేస్త్రి కొడుకు ఆసుపత్రికి వచ్చి, తండ్రికి పాలు పట్టడానికి ఇచ్చిన గొట్టం కడిగి తిరిగి ఇచ్చాడు. "ఇంకెవరికన్నా పనికొత్తాదని తెచ్చేనండి," అన్నాడు. హైమవతి దాన్ని రెండు చేతులతో అందుకుంది.

తర్వాతి సమీక్షకు ఆమె వెళ్లింది, కానీ వాదించడానికి కాదు. వాదించి ఏం లాభమో ఆమెకు తెలిసిపోయింది.

ఆ రోజు విశ్వంభరరావు గారి ఆందోళన వేరే గడి గురించి. "కేసులు తగ్గాయి, అభినందనీయం. కానీ 'కోలుకున్నవారు' అనే శీర్షికలో మన పురోగతి అత్యంత నిరాశాజనకంగా ఉంది. కోలుకున్నవారికి ఎటువంటి పరిమితీ లేదని అందరూ గ్రహించాలి. ఎంతమంది కోలుకుంటే అంత మంచిది."

హైమవతి తలెత్తింది. "కోలుకున్నవాళ్ల పేరు ఎక్కిస్తే కంప్యూటర్ నంబరు ఇస్తుందాండి?"

"ఎందుకివ్వదు? వారు మన విజయాలు."

"పరిమితి నిండినా?"

"పరిమితి జబ్బుకు, డాక్టరుగారూ. ఆరోగ్యానికి పరిమితి పెట్టేంత కఠినులం కాము."

"కోలుకున్నాక వాళ్లకేమైనా అవసరమైతే ఆసుపత్రిలో చెయ్యొచ్చా?"

"అనుసరణ సేవలు. నిస్సందేహంగా. అవి మిషన్ స్ఫూర్తిలో భాగం."

"ఈ మాట సమావేశం మినిట్స్‌లో రాయించండి," అంది ఆమె. రాయించారు.

మర్నాడు ఉదయమే నూకరత్నానికి కబురు వెళ్లింది. ఆమె వచ్చేసరికి కంప్యూటర్ తెర మీద పచ్చని పువ్వు ఒకటి విచ్చుకుని ఉంది. కింద అభినందనలు అని ఉంది. పక్కన నంబరు ఉంది.

"నీకు నయమైపోయింది నూకరత్నం," అంది హైమవతి.

"ఎప్పుడండి?"

"ఇందాకే. ప్రభుత్వం దృష్టిలో నయమైంది. ఇక ఒంటికి నయం చెయ్యాలి. రేపు ఆపరేషన్."

నూకరత్నం నవ్వబోయింది. నవ్వు మధ్యలో ఆగిపోయి కళ్లలో నీళ్లు వచ్చాయి. ఇన్ని వారాల్లో ఎవరి ముందూ ఏడవని మనిషి డాక్టరు చెయ్యి పట్టుకుంది. "నాకు బయమేత్తందండి డాక్టరమ్మగారూ. ఇన్నాళ్లూ తిరగటంలో పడి బయపట్టానికి కూడా తీరలేదు."

"నాకూ భయమే. పద," అంది హైమవతి.

ఆపరేషన్ బాగానే జరిగింది. గడ్డ కాస్త పెరిగింది గానీ చేయి దాటిపోలేదు. మూడు వారాలకొకసారి సెలైన్‌లో మందు ఎక్కించాలి, కొన్ని విడతలు పూర్తవ్వాలి. ఈలోగా హైమవతి, వాయిదా పడిన రోగులందరినీ ఒక్కొక్కరినే పిలిపించి ముందు నయం చేసి, తర్వాత వైద్యం మొదలుపెట్టింది. వార్డు నిండా కోలుకున్నవారే. కొందరు వాంతులు చేసుకుంటున్నారు, కొందరికి జుట్టు రాలిపోతోంది, ఒకాయన లేచి కూర్చోలేడు. రికార్డుల్లో అందరూ ఆరోగ్యవంతులే.

కొద్ది నెలల్లో జిల్లాలో జబ్బు వచ్చినవారి కంటే నయమైనవారు ఎక్కువయ్యారు. ఈ సంగతి చూసి అనుమానపడవలసిన అధికారి ఆనందపడ్డారు. నూటికి నూట నలభై మంది కోలుకుంటున్న ఏకైక జిల్లాగా విశ్వంభరరావు గారు నివేదిక పంపారు. అంతర్జాతీయ సంస్థ ఆశ్చర్యపోయి, మీ పద్ధతి చూడటానికి మా ప్రతినిధి వస్తారని జవాబిచ్చింది.

అంతా సాఫీగా పోతుందనుకునే సమయానికి ఆర్థిక విభాగానికి ఒక సందేహం వచ్చింది. కోలుకున్నవారికి మందులెందుకు? ప్రశ్నలో తర్కం ఉంది. వార్డుకు మందుల సరఫరా ఆపేశారు. నూకరత్నానికి అప్పటికి మూడు విడతలు అయ్యాయి, సగం మిగిలింది. హైమవతి ఫోన్లు చేసింది, స్వయంగా వెళ్లింది. కోలుకోలేదని రాసివ్వండి, సరఫరా ఇస్తాం అన్నారు. అలా రాసిస్తే నంబర్లు పోతాయి. నంబర్లు పోతే మందే లేదు.

సరిగ్గా ఆ వారమే విశ్వంభరరావు గారు పూలగుత్తి పట్టుకుని వార్డుకు వచ్చారు. నూకరత్నం తలకు గుడ్డ చుట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది.

"అమ్మా, విదేశాల నుంచి మహిళా ప్రతినిధి వస్తున్నారు. కోలుకున్నవారి తరఫున వేదిక మీద మీరు నాలుగు మాటలు మాట్లాడాలి. మిషన్ తొలి విజయం మీరే."

"మాట్లాడతానండి. దానికేం?" అంది నూకరత్నం. "గాని నిలబడాలి కదండి. ఈ మందు ఎక్కకపోతే నేను అప్పటికి ఉంటానో ఉండనో. నేను పడిపోతే మీ ఇజయం పడిపోద్ది."

విశ్వంభరరావు గారు పూలగుత్తి మంచం మీద పెట్టారు. "మీ ఒక్కరికీ ఏదో ఒక విధంగా…"

"నాకొక్కదానికే అయితే నేను రానండి. ఈ వార్డులో అందరూ ఇజయాలే అని మీరే రాసేరంట. అందరికీ ఎక్కించండి, అందరం వత్తాం. లేదంటే ఆ దొరసాని వచ్చేటప్పటికి ఎవరి ఇంట్లో వాళ్లం తొంగుంటాం."

చుట్టూ మంచాల మీద ఉన్నవాళ్లంతా ఆయనవైపు చూశారు. లేచి కూర్చోలేని ఆయన కూడా మోచేతి మీద కాస్త లేచాడు. విశ్వంభరరావు గారు ఒక్కొక్కరినే చూశారు. చేపలు గానీ, చీరలు గానీ ఎన్నడూ ఆయన్ను ఇలా తిరిగి చూడలేదు.

సాయంత్రం ఆయన హైమవతిని పిలిచారు. "మందుల పద్దు మూసుకుపోయింది. దాన్ని తెరిచే అధికారం నాకు లేదు. అయితే ప్రతినిధి రాక సందర్భంగా సన్మానాలు, వేదిక అలంకరణ అనే పద్దు ఉంది. దాని మీద నాకు పూర్తి అధికారం ఉంది." ఆయన గొంతు తగ్గించారు. "మీ మందులు సీసాల్లో ఉంటాయి కదా. అలంకరణ సామగ్రిగా పరిగణించవచ్చునంటారా?"

"కొన్ని ఎర్రగా కూడా ఉంటాయండి. వేదిక మీద బాగుంటాయి," అంది హైమవతి.

ప్రతినిధి వచ్చిన రోజు వార్డులో పందిరి వేశారు, తోరణాలు కట్టారు. మంచాలకు బంతిపూల దండలు చుట్టారు. అందరి భుజాల మీదా శాలువాలు, అందరి చేతులకూ సెలైన్ గొట్టాలు. వచ్చినావిడ పెద్ద వయసు మనిషి, అనేక దేశాలు చూసింది. సన్మానానికి ఈ గొట్టాలు ఎందుకని హైమవతి ద్వారా అడిగించింది.

విశ్వంభరరావు గారు ముందుకు వచ్చి, "ఇది మా ప్రాంతపు సత్కార సంప్రదాయం," అన్నారు.

ఆవిడ తల ఊపింది. తర్వాత నూకరత్నం మైకు ముందుకు వచ్చి, శాలువా సర్దుకుని, ఉన్నదున్నట్టు మొత్తం చెప్పింది. సీటు దొరక్కపోవడం, గొలుసు పట్టి కొలవడం, ముందు నయం చేసి తర్వాత కొయ్యడం, జగ్గారావు మేస్త్రి పోవడం, అన్నీ. మిషన్ పెట్టిన అనువాదకుడు దాన్ని, ప్రభుత్వానికి తాను రుణపడి ఉన్నానని ఆమె అంటున్నట్టు మూడు వాక్యాల్లో చెప్పాడు. చప్పట్లు మోగాయి. ఆవిడ మాత్రం చప్పట్లు కొట్టకుండా నూకరత్నం ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. భోజనాల దగ్గర హైమవతి పక్కన కూర్చుని, నిజంగా జబ్బుపడ్డవాళ్లు ఎంతమంది అని అడిగింది. హైమవతి ఆ లెక్కా, మందులు ఏ పద్దులోంచి వస్తున్నాయో కూడా చెప్పింది. ఆవిడ కలిపిన అన్నం తినకుండా లేచింది. వెళ్లాక వచ్చిన నివేదికలో, అలంకరణ పద్దును వెంటనే పెంచవలసిందిగా గట్టిగా సిఫారసు చేసింది.

ఆ సిఫారసు మీద ప్రభుత్వం సన్మాన మహోత్సవాన్ని శాశ్వతం చేసింది. ఏడాదికి ఒకసారి చాలునని విశ్వంభరరావు గారు అనుకున్నారు. విజయాల మీద జనానికి నమ్మకం కలగాలంటే మూడు వారాలకొకసారి జరగాలని హైమవతి రాసింది. ఒప్పుకున్నారు. అప్పటినుంచి మా జిల్లా ఆసుపత్రిలో పందిరి విప్పడం లేదు. ఎర్రగీత నేలకు ఆనింది. పక్క జిల్లా రిజిస్ట్రీ టెండరును అధికారికంగా రద్దు చేసుకుంది గానీ, అక్కడివాళ్లు కాలవ దాటి ఇటు వస్తున్నారు.

నూకరత్నానికి విడతలన్నీ పూర్తయ్యాయి. జుట్టు మళ్లీ మొలిచింది, ఈసారి కాస్త ఉంగరాలు తిరిగింది. మళ్లీ షెడ్డులో పనికి పోతోంది. పరీక్షలకు వచ్చినప్పుడల్లా వార్డులో ఓ పూట ఉండి, కొత్తవాళ్లకు గుడ్డ ఎలా చుట్టుకోవాలో, వాంతి వచ్చినప్పుడు ఏం చప్పరించాలో చెప్పి వెళుతుంది.

మొన్న ఆమె అలా ఉండగా ఒక ఆడమనిషి వార్డు గుమ్మం దగ్గర ఆగిపోయింది. చేతిలో రిపోర్టు ఉంది. లోపల తోరణాలు, శాలువాలు, పూలు చూసి ఎవరిదో పెళ్లి అనుకున్నట్టుంది. వెనక్కి తిరగబోయి నూకరత్నాన్ని చూసి, "అక్కా, ఇక్కడ క్యాన్సర్ చూత్తారంట కదా?" అని మెల్లిగా అడిగింది.

నూకరత్నం లేచి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఈ జిల్లాలో క్యాన్సర్ లేదమ్మా," అంది. "సన్మానం చేత్తారు. రా, కూకో."